చెస్ట్‌నట్ చెట్టు కింద పులిహోర

జూన్ నెలాఖరున జర్మనీలోని మ్యూనిక్‌లో పొద్దు గూకేసరికి తొమ్మిదింపావు అవుతుంది. శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఆఫీసు లాప్‌టాప్ మూసేసిన జంటకు ఇంకా నాలుగు గంటల వెలుతురు మిగిలే ఉంటుందన్నమాట. ఆ నాలుగు గంటలతో మొదలై ఆదివారం రాత్రి దాకా సాగే అక్కడి తెలుగువాళ్ల వేసవి వారాంతంలో పెద్ద విశేషాలేమీ కనిపించవు. నది ఒడ్డున గులకరాళ్ల మీద దుప్పటి పరుచుకుని కూర్చోవడం, లోకల్ రైలెక్కి ఏదో చెరువు దగ్గర దిగడం, చెట్ల కింద బల్ల మీద ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బా విప్పుకుని తినడం, చీకటి పడేలోగా సైకిళ్ల మీద ఇల్లు చేరడం. ఆ ఫొటోలు ఇక్కడి బంధువుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చినప్పుడు వినిపించే మాట ఒకటే: వాళ్లకేం, యూరోల్లో జీతం. కాస్త పెద్దమనసున్నవాళ్లయితే, కొత్త కాపురం, పిల్లాజెల్లా లేరు, తిరగనివ్వండి అంటారు. రెండు మాటల్లోనూ ఉన్న ఊహ ఒకటే. ఆ సుఖం ఆ ఇద్దరిదీ, వాళ్ల సంపాదన వల్లో వయసు వల్లో వచ్చింది అని. నాకు అలా తోచదు. ఆ జంట అనుభవిస్తున్న చిన్న చిన్న సరదాల్లో దాదాపు ప్రతిదాని వెనకా ఒక చట్టమో, ఒక కోర్టు తీర్పో, ప్రజల డబ్బుతో చేసిన ఒక ఏర్పాటో ఉంది. వీళ్లు విమానం ఎక్కకముందే, వీళ్లతో నిమిత్తం లేకుండా, అక్కడివాళ్లు పోట్లాడి నిలబెట్టుకున్నవి అవి. వీళ్లు చేసిందల్లా వెళ్లి కూర్చోవడమే.

డబ్బా సంగతే ముందు చూద్దాం. బయటి తినుబండారాలు లోనికి అనుమతించబడవు అన్న బోర్డు మనకు సినిమా హాలు నుంచి హోటల్ దాకా అలవాటే. చెట్ల కింద బల్లలేసి నడిపే మ్యూనిక్ బీర్ గార్డెన్‌లో వ్యవహారం తలకిందులు. గుడ్డ పరిచిన బల్ల దగ్గర కూర్చుంటే వడ్డించేవాళ్లు వస్తారు, వాళ్ల దగ్గరే కొనుక్కోవాలి. గుడ్డ లేని బల్ల మీద మాత్రం ఎవరి తిండి వాళ్లు తెచ్చుకుని తినొచ్చు, తాగేది అక్కడ కొంటే చాలు. ఇది యజమాని దయ మీద నడిచే వ్యవహారం కూడా కాదు. దీని వెనక దాదాపు అయిదు వందల ఏళ్ల కథ ఉంది. మ్యూనిక్ ఉన్న బవేరియాలో 1539లో వచ్చిన కట్టడి ప్రకారం సెప్టెంబర్ 29 నుంచి ఏప్రిల్ 23 వరకే బీరు కాచాలి. వేసవి వేడికి సరుకు చెడిపోతుంది, బట్టీలతో ఊరికి నిప్పు భయం. అందుకని వేసవికి కావలసింది ముందే కాచి, ఈజార్ నది గట్టున నేలమాళిగలు తవ్వి, చలికాలపు మంచుగడ్డల మధ్య దాచేవారు. పైన నేల వేడెక్కకుండా గులకరాళ్లు పోసి చెస్ట్‌నట్ చెట్లు నాటారు. ఆకు వెడల్పు, వేరు లోతుకు పోదు, కింద మాళిగ కప్పుకు ముప్పు లేదు. అంత చల్లటి నీడ దొరికాక జనం ఊరుకుంటారా? మాళిగ దగ్గరికే వచ్చి తాగడం మొదలెట్టారు. ఊళ్లో పూటకూళ్లవాళ్ల బేరం దెబ్బతింది. వాళ్లు గోల పెడితే 1812 జనవరి 4న రాజు మాక్సిమిలియన్ జోసెఫ్ ఒక మధ్యేమార్గం చూపాడు. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు బీరు కాచేవాళ్లు తమ మాళిగల దగ్గర దాన్ని అమ్ముకోవచ్చు, రొట్టె పెట్టొచ్చు, అంతకు మించి భోజనం పెట్టకూడదు. దాంతో జనం ముల్లంగీ జున్నూ ఇంటినుంచే కట్టుకొచ్చుకున్నారు. ఇద్దరు వ్యాపారుల తగువు తీర్చబోయి పుట్టిన ఈ వెసులుబాటు, 1999 నాటి బవేరియా బీర్ గార్డెన్ నిబంధనల్లో బీర్ గార్డెన్ లక్షణంగానే చేరింది: చెట్లున్న తోటలా ఉండాలి, సొంత తిండి తెచ్చుకునే వీలుండాలి.

కాబట్టి ఆ బల్ల మీద స్టీలు డబ్బా మూత తీసి పులిహోరలో వేరుశెనగ గుళ్లు ఏరుకునే తెలుగు జంట అక్కడ ఏ నియమాన్నీ దాటడం లేదు. పొడవాటి బల్ల, అటూ ఇటూ బెంచీలు. ఖాళీగా ఉందా అని అడిగి ఎవరైనా పక్కన కూర్చోవచ్చు. ఎదుటివాళ్ల ముందు ఉప్పు జల్లిన ముల్లంగి చక్రాలు, వీళ్ల ముందు పెరుగన్నం, మాగాయ. బీరు ముట్టనివాళ్లకు యాపిల్ రసంలో సోడా కలిపిన పానీయం అర లీటరు గ్లాసులో వస్తుంది. గ్లాసుకు డిపాజిట్, తిరిగిస్తే వాపసు. ఆగస్టు వచ్చేసరికి తీపి వాసనకు కందిరీగలు ముసురుతాయి గనక గ్లాసు మీద అట్టబిళ్ల మూతగా పెట్టుకోవడం అక్కడ అందరూ చేసే పనే. ఇద్దరికీ కలిపి అయ్యే ఖర్చు రెండు గ్లాసుల పానీయం. ఆ నగరంలో హోటల్లో ఇద్దరు భోంచేస్తే అయ్యేదాంట్లో ఇదొక మూల. ఎంతసేపు కూర్చున్నా బల్ల ఖాళీ చెయ్యమని ఎవరూ తరమరు. ఈ సాయంత్రం కూడా ఒకప్పుడు చేజారబోయింది. గ్రోస్‌హెసెలోహె అనే శివారులో ఒక బీర్ గార్డెన్ చప్పుడు భరించలేమని ఇరుగుపొరుగు కోర్టుకెక్కితే, రాత్రి తొమ్మిదిన్నరకే కట్టెయ్యాలని తీర్పొచ్చింది. 1995 మే 12న 20 వేలమందికి పైగా జనం మ్యూనిక్ నడివీధిలో ఊరేగింపు తీశారు. ప్రభుత్వం దిగొచ్చి వేళలు పొడిగిస్తూ నిబంధనలు చేసింది. వాటిని కోర్టు కొట్టేస్తే 1999లో మళ్లీ చేసింది. ఇప్పుడు పాటకు పది, గేటుకు పదకొండు. చెట్టు కింద ఒక గంటన్నర కోసం వేలమంది రోడ్డెక్కారంటే మనకు నవ్వు రావచ్చు. ఇక్కడ ఎంత పెద్ద ఊరేగింపులు దేనికోసం తీస్తామో గుర్తుచేసుకుంటే ఆ నవ్వు కాస్త తగ్గుతుంది.

ఇక ఆదివారం. జర్మనీలో దిగిన ప్రతి తెలుగువాడూ మొదటి నెలలో పెట్టుకునే ఫిర్యాదు ఇది. మ్యూనిక్‌లో శనివారం రాత్రి ఎనిమిదికి సూపర్‌మార్కెట్ షట్టర్ పడిందంటే మళ్లీ సోమవారం పొద్దునే. పాల పాకెట్ మరిచిపోయారా, పెద్ద రైల్వే స్టేషన్‌లోని కొట్టుకు పోవాలి, లేదా పాలు లేకుండా గడపాలి. ఆ రోజు ఇళ్లున్న వీధుల్లో పచ్చిక కోసే యంత్రం నడపకూడదు, గోడకు డ్రిల్లింగ్ చెయ్యకూడదు, వీధి చివరి డబ్బాలో ఖాళీ గాజు సీసాలు పడెయ్యడం కూడా తప్పే. వేసవిలో చుట్టపుచూపుగా వచ్చిన తల్లిదండ్రులు ఇదేం ఊరు, కర్ఫ్యూ పెట్టినట్టుంది అని విస్తుపోతారు. ఈ నిశ్శబ్దానికి రాజ్యాంగం కాపలా ఉంది. 1919 నాటి వైమార్ రాజ్యాంగంలోని 139వ అధికరణం ఆదివారాన్ని పని నుంచి విశ్రాంతికి కేటాయించిన రోజుగా రక్షించింది. 1949లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు 140వ అధికరణం ద్వారా దాన్ని అలాగే ఉంచుకున్నారు. బెర్లిన్ రాష్ట్రం క్రిస్మస్ ముందరి నాలుగు ఆదివారాలూ దుకాణాలు తెరవొచ్చని చట్టం చేస్తే చర్చిలు కోర్టుకు వెళ్లాయి. 2009 డిసెంబర్ 1న రాజ్యాంగ న్యాయస్థానం ఆ ఏర్పాటు చెల్లదని చెప్పింది. దుకాణదారు లాభం, కొనేవాడి సరదా, ఈ రెండూ విశ్రాంతి దినాన్ని పక్కన పెట్టేందుకు చాలవన్నది ఆ తీర్పు సారం. చర్చిలకు తోడుగా ఈ విషయంలో నిలబడేది కార్మిక సంఘాలు. దేవుడి పేరున ఒకరు, కూలీ పేరున ఒకరు, ఇద్దరూ ఒకే రోజును కాపాడుకుంటున్నారు.

ఒక జంటకు ఇది ఎందుకు ముఖ్యమో కొంచెం నిదానంగా చూడాలి. సెలవు ఉండటం ఒకటి, ఇద్దరికీ ఒకేసారి ఉండటం వేరొకటి. హైదరాబాద్‌లో మాల్‌లో పనిచేసే అమ్మాయికి వారంలో ఒకరోజు సెలవు ఉంటుంది, కానీ ఆదివారం ఉండదు. ఆ రోజే బేరం ఎక్కువ. ఆమె భర్త అమెరికా వేళల ప్రాజెక్టులో రాత్రి షిఫ్టు చేస్తుంటే అతని శనివారం సగం నిద్రలో పోతుంది. ఇద్దరి సెలవులూ కలిపి లెక్కవేస్తే కాగితం మీద తక్కువేం కాదు. కలిసి గడిపిన పూటలు లెక్కపెడితేనే వేళ్లు మిగిలిపోతాయి. చట్టం ఆదివారాన్ని అందరికీ కలిపి మూసేసినప్పుడు ఆమె సెలవూ అతని సెలవూ ఒకే రోజున పడతాయి. స్నేహితులకూ ఆ రోజే. బట్టల కొనుగోలు, ఇంటి సామాను అన్నీ శనివారమే అయిపోవాలి గనక ఆదివారం చెయ్యడానికి పనే మిగలదు. ఏమీ కొనడానికి లేని ఊళ్లో ఎంతసేపని ఇంట్లో కూర్చుంటారు? చెప్పులేసుకుని బయటికి నడుస్తారు. నది గట్టున వేసవి ఆదివారం కనిపించే ఆ జనసందోహంలో సగం పుణ్యం మూసిన షట్టర్లదే అంటే అతిశయోక్తి కాదు. ఇందులో నిర్బంధం లేదా అంటే ఉంది. పాలు కొనుక్కునే స్వేచ్ఛను ఆరు రోజులకు కుదించి దొరికిన రోజు ఇది. ఆ బేరం నష్టమని వాదించేవాళ్లు జర్మనీలోనూ ఉన్నారు, దుకాణాల సంఘాలు ఏటా అడుగుతూనే ఉంటాయి. నామటుకు నాకు ఆ బేరం లాభసాటిగానే కనిపిస్తుంది.

బయటికి నడిచాక రైలు. 2022 వేసవిలో, ఉక్రెయిన్ యుద్ధంతో ఇంధన ధరలు మండిపోతున్నప్పుడు, జర్మన్ ప్రభుత్వం జూన్, జులై, ఆగస్టు నెలలకు ఒక టికెట్ పెట్టింది. నెలకు 9 యూరోలు, దేశంలో ఏ ఊళ్లోనైనా బస్సు, ట్రామ్, మెట్రో, ప్యాసింజర్ రైలు. మూడు నెలల్లో 5 కోట్లకు పైగా టికెట్లు అమ్ముడుపోయాయి. రైళ్లలో కాలుపెట్టే చోటు లేకపోయినా జనం తిరిగారు. మళ్లీ మునుపటి ధరలే అంటే ఎవరూ ఒప్పుకునేలా లేరు. దాంతో 2023 మేలో 49 యూరోల దేశవ్యాప్త టికెట్ వచ్చింది. అది 2025లో 58కి, 2026 జనవరిలో 63కి పెరిగింది. పెరిగినప్పుడల్లా గొణుగుడూ పెరిగింది. అయినా ఆఫీసుకు పోయిరావడానికి ఎలాగూ నెలవారీ పాస్ కొనుక్కునే జంటకు దీనితో వారాంతపు ప్రయాణం దాదాపు ఉచితంగా దొరికినట్టే. ఆల్ప్స్ పాదాల దగ్గరి ఊరికీ, స్టార్న్‌బెర్గ్ సరస్సుకీ, పాత కోటల ఊళ్లకీ అదే టికెట్. ప్లాన్ వేసుకోనక్కర్లేదు, పొద్దున లేచి ఆకాశం చూసి బయల్దేరొచ్చు. రైళ్లు వేళకు వస్తాయా అంటే, జర్మన్ రైళ్ల సమయపాలన మీద మనవాళ్లకున్న భక్తి పాతకాలపుది. 2024లో దూరప్రాంత రైళ్లలో మూడింట ఒక వంతుకు మించి ఆలస్యంగానే నడిచాయి.

నీళ్ల దగ్గర నా వాదనకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం దొరుకుతుంది. ఈజార్ నదిని పందొమ్మిదో శతాబ్దం నుంచే కాలువలా గట్లు కట్టి తిన్నగా బిగించేశారు. 2000 నుంచి 2011 వరకు మ్యూనిక్ నగరమూ బవేరియా రాష్ట్రమూ ఖర్చు పంచుకుని 8 కిలోమీటర్ల మేర ఆ కాంక్రీటు విప్పేశాయి. గట్లు వెనక్కి జరిపి, గులకరాళ్ల దిబ్బలు ఏర్పడనిచ్చి, వరదకు చోటిచ్చి, మనుషులు దిగడానికి వాలు చేశాయి. అయిన ఖర్చు సుమారు 3.5 కోట్ల యూరోలు, అంటే ఇప్పటి మారకంలో 350 కోట్ల రూపాయల పైమాట. నగరానికి ఎగువన ఉన్న మురుగుశుద్ధి కేంద్రాలు వేసవి నెలల్లో నీటిని అతినీలలోహిత కిరణాలతో కూడా శుద్ధిచేసి వదులుతాయి, జనం మునిగే నీళ్లు గనక. అందుకే నగరం నడిబొడ్డున మోకాలి లోతు నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చునే భాగ్యం. చల్లదనానికి కాళ్లు కొయ్యలవుతాయి, అది వేరే సంగతి, మంచుకొండల నుంచి వచ్చే నీరు. నగరం చుట్టూ ఉన్న చెరువుల్లో కొన్ని చెరువులే కావు. ఈశాన్యం వైపు ఫెరింగా చెరువు 1970లలో మోటార్‌వే కోసం కంకర తవ్విన గుంట. నీరు ఊరాక దాని చుట్టూ పచ్చిక పరిచి, చెట్లు నాటి, మరుగుదొడ్లు, స్నానపు పంపులు పెట్టి జనానికి వదిలారు. ఇలాంటి చోట్లను సమకూర్చి నడపడానికి మ్యూనిక్ నగరమూ చుట్టుపక్కల పంచాయతీలూ కలిసి 1965 నుంచి ఒక సంఘమే నడుపుతున్నాయి. మన ఊళ్ల శివార్లలోనూ క్వారీ గుంటలున్నాయి. వాటిలో ఈతకు దిగి పిల్లలు మునిగిపోయిన వార్త లేకుండా మనకు వేసవి గడవదు.

బవేరియా రాజ్యాంగంలో 141వ అధికరణం అని ఒకటుంది, 1946 నాటిది. ప్రకృతిని ఆస్వాదించడం, అడవుల్లో కొండ బీళ్లలో తిరగడం, తినేందుకు సరిపడా అడవి పళ్లు కోసుకోవడం ఎవరికైనా హక్కే అంటుంది. కొండలకూ సరస్సులకూ నదులకూ దారి తెరిచి ఉంచే బాధ్యత ప్రభుత్వానిదీ స్థానిక సంస్థలదీ అంటుంది. పుట్టగొడుగుల అధికరణం అని జనం ముద్దుగా పిలుచుకుంటారు. ఎవరికైనా అన్న మాటలో నిన్న బ్లూ కార్డ్ అనే ఉద్యోగ వీసా మీద దిగినవాడూ ఉన్నాడు. ఆగస్టులో అడవి దారిలో బ్లూబెర్రీలు కోసి డబ్బాలో వేసుకునే గుంటూరు అమ్మాయి వాడుకుంటున్నది రాజ్యాంగపు హక్కు. రాజ్యాంగంలో రాసినంత మాత్రాన అంతా సజావుగా ఉందనుకోనక్కర్లేదు. స్టార్న్‌బెర్గ్ సరస్సు ఒడ్డున చాలా భాగం సంపన్నుల బంగళాల కంచెల వెనకే ఉంది, జనానికి మిగిలిన చోట్లు జులైలో కిటకిటలాడతాయి. కంచె చూసి ఇదేమిటని అడగడానికి అక్కడ చేతిలో ఒక కాగితం ఉంది, అంతే తేడా.

జీతం మాటకొద్దాం. డబ్బున్న దేశం గనక ఇవన్నీ చేయగలుగుతోంది, డబ్బున్న జంట గనక అనుభవించగలుగుతోంది అనేది మొదటి అభ్యంతరం. మొదటి సగం కొంత నిజం. రెండో సగం మాత్రం నిలబడదు. మ్యూనిక్ జర్మనీలో అద్దెలు అన్నిటికన్నా ఎక్కువున్న నగరం. పన్నులూ బీమాలూ పోగా వచ్చినదాంట్లో పెద్ద ముక్క ఇంటికే పోతుంది. అంతకంటే ఎక్కువ జీతం, తక్కువ పన్ను కావాలనుకునే తెలుగువాళ్లకు టెక్సస్ ఉండనే ఉంది. కానీ అమెరికాలో జీతంతో కూడిన సెలవు ఇన్ని రోజులు ఇచ్చి తీరాలని చెప్పే ఫెడరల్ చట్టమే లేదు, అంతా కంపెనీ ఇష్టం. జర్మనీలో కనీసం నాలుగు వారాలు చట్టమే ఇప్పిస్తుంది, చాలా కంపెనీలు ఆరు వారాల దాకా ఇస్తాయి. డాలస్ శివార్లలో నడిచి పోయే దూరంలో ఏమీ ఉండదు, జులై ఎండ మన రామగుండాన్ని గుర్తుచేస్తుంది, ఆదివారం కారెక్కి గోడౌనంత స్టోర్‌కు పోయి వారానికి సరిపడా సామాను తెచ్చుకోవడంతోనే పొద్దుపోతుంది. అక్కడివాళ్లకూ తమ సరదాలున్నాయి. నేషనల్ పార్కులకు సాటి ప్రపంచంలో తక్కువ, పెరట్లో గోంగూర వేసుకునేంత స్థలమూ ఉంటుంది. ఆ సరదాలకు కారు కావాలి, పెరడు కావాలి, ప్లాన్ కావాలి, అంటే ముందు డబ్బు కావాలి. జీతం ఎక్కువున్నచోట చిన్న సుఖం ఖరీదెక్కిందంటే, సుఖాన్ని జీతంతో లెక్కగట్టడంలోనే పొరపాటుంది.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. ఈ సుఖమంతా ఒంటరితనానికి పూత అంటారు. ఇక్కడైతే ఆదివారం అక్క వస్తుంది, మేనమామ ఇంట్లో నామకరణం ఉంటుంది, పెళ్లిభోజనాలుంటాయి. అక్కడ ఎవరూ లేరు గనక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నది గట్టున కూర్చున్నారు, దాన్నే ఆనందం అంటున్నారు. ఇందులో నిజం ఉంది. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నర కాకుండానే చీకటి పడే ఆ ఊళ్లో, సంక్రాంతికి ఇద్దరే కూర్చుని అరిసెలు తినే జంటకు ఆ నిజం బాగా తెలుసు. జూన్ ఎండ మీద వాళ్లకంత ప్రేమ కలగడానికి జనవరి కూడా ఒక కారణమే. అయితే మనం తలుచుకుని మురిసిపోయే ఆ సందడి ఆదివారాన్ని మోసేదెవరో కూడా చూడాలి. కేంద్ర గణాంక శాఖ 2024 కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు, అదీ ఆ పని చేసేవాళ్లను మాత్రమే లెక్కేస్తే. అక్క వచ్చిన ఆదివారం కోడికూర ఎవరు వండుతారో సర్వే చెప్పక్కర్లేదు. ఎవరూ రాని ఆదివారం, పనిమనిషి దొరకని ఊళ్లో, అతను గిన్నెలు తోముతుంటే ఆమె డబ్బా సర్దడం చాలా ఇళ్లలో మొదటిసారి జరిగే పని. జర్మనీ ఈ విషయంలో స్వర్గమేం కాదు. 2022 లెక్కల్లో అక్కడి ఆడవాళ్లు కూడా మగవాళ్లకన్నా 44 శాతం ఎక్కువ ఇంటిచాకిరీ చేస్తున్నారు. కానీ బ్లూ కార్డ్ మీద వెళ్లినవాడి భార్యకు దిగిన మొదటిరోజు నుంచే ఉద్యోగం చేసే హక్కు ఉంటుంది. అమెరికాలో హెచ్-1బీ భర్త వెంట వెళ్లిన ఆమెకు 2015 వరకు ఆ వీసా మీద అసలు వీల్లేదు, ఇప్పటికీ అతని గ్రీన్‌కార్డ్ ప్రక్రియ ఒక దశకు చేరితేనే. శుక్రవారం సాయంత్రం ఇద్దరూ లాప్‌టాప్ మూసే ఇంటికీ, ఒకరు మూస్తుంటే ఇంకొకరు పొద్దుట్నుంచీ గోడలు చూస్తూ కూర్చున్న ఇంటికీ శనివారం ఒకేలా తెల్లవారదు.

మొహం చూసుకోవడం అనగానే 2025 జనవరిలో మన దేశంలో రేగిన రచ్చ గుర్తొస్తుంది. ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ వారానికి 90 గంటల పని గురించి మాట్లాడుతూ, ఇంట్లో భార్య మొహం ఎంతసేపని చూస్తారు, ఆదివారాలూ పనిచెయ్యండి అన్న అర్థంలో అన్నారు. అంతకు ముందు 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి 70 గంటలన్నారు. మీమ్స్ బోలెడు వచ్చాయి, నవ్వుకున్నాం. 2025లోనే ఆంధ్రప్రదేశ్ రోజు పని పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచింది, తెలంగాణ కూడా వాణిజ్య సంస్థలకు 10 గంటల వెసులుబాటిచ్చింది. వారానికి 48 గంటల హద్దు ఉందిగా అని ప్రభుత్వాల జవాబు. జర్మనీలోనూ రోజుకు 10 గంటల దాకా పని చేయించొచ్చు, కానీ ఆరు నెలల సగటు రోజుకు ఎనిమిది దాటకూడదు, ఒకరోజు పనికీ మర్నాటి పనికీ మధ్య 11 గంటల ఎడం ఉండాలి. మర్నాడు తొమ్మిదింటికి రావాలంటే ముందురోజు రాత్రి పదికల్లా వదిలెయ్యాలన్నది ఈ రెండో నియమం. జంటల విషయంలో నిజంగా పనికొచ్చేది అదే. అంత తక్కువ పనిచేస్తే దేశం ఎలా ముందుకెళ్తుందన్నది పారిశ్రామికవేత్తల ప్రశ్న. ఆ చట్టాలతోనే జర్మనీ ప్రపంచంలో మొదటి వరస ఆర్థిక వ్యవస్థల్లో నిలిచింది. ఇప్పుడక్కడ మందగమనం ఉందంటే దానికి గ్యాసు ధర, చైనా పోటీ, పాతబడిన పరిశ్రమ వంటివి కారణాలుగా చెబుతున్నారు. ఆదివారాన్ని వేలెత్తి చూపేవాళ్లు తక్కువ.

మరి ఆ ఆదివారం ఎవరి చెమట మీద నడుస్తోంది అన్నది అడగాల్సిన ప్రశ్న. రైలు నడిపేవాడు, ఆస్పత్రి నర్సు, బీర్ గార్డెన్‌లో గ్లాసులు కడిగేవాడు పనిచేస్తేనే మిగిలినవాళ్లకు విశ్రాంతి. ఇంటింటికీ భోజనం చేరవేస్తూ సైకిల్ తొక్కేవాళ్లలో మన విద్యార్థులూ ఎందరో ఉన్నారు. నది గట్టున కూర్చున్న తెలుగు జంట పక్కనుంచే, వీపున పెద్ద పెట్టె మోస్తూ ఇంకో తెలుగు కుర్రాడు పోతుంటాడు. అక్కడి చట్టం వీళ్లను పూర్తిగా మరిచిపోలేదు. ఆదివారం పనిచేసినవాడికి బదులుగా ఇంకోరోజు సెలవివ్వాలి, ఏడాదిలో కనీసం 15 ఆదివారాలు వదిలిపెట్టాలి, ఆదివారం పనికి అదనంగా ఇచ్చే భత్యం మూల వేతనంలో సగం వరకు పన్ను లేకుండా దక్కుతుంది. విద్యార్థికి మాత్రం ఏడాదికి 140 పూర్తి రోజుల పని పరిమితి, అద్దె, ఫీజు అన్నీ కలిసి ఆ కాగితపు రక్షణను పలచన చేస్తాయి. వారంలో చదువు గనక అతనికి పని దొరికేది ఆదివారమే. ఇది ఆ ఏర్పాటులోని లోపమే, దాచడానికేం లేదు. ఆదివారాన్ని అందరికీ తెరిచేస్తే ఆ కుర్రాడికి విశ్రాంతి దొరకదు, అతనిలాంటివాళ్లు ఇంకొందరు తయారవుతారు.

మిగిలిన అభ్యంతరం మన ఎండ. మే నెల రెంటచింతలలో నది గట్టున దుప్పటి పరచమని ఎవరూ అనరు. కానీ వాళ్ల జూన్‌కు సమానమైనది మనకు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఉంది, అప్పుడు వాళ్లు చీకట్లో వణుకుతుంటారు. ఆ కాలానికి తగిన సరదా మనవాళ్లకు తెలియనిదీ కాదు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద, ఎవరింటి వంట వాళ్లు తెచ్చుకుని చేసే వనభోజనానికీ చెస్ట్‌నట్ నీడలో డబ్బా విప్పడానికీ ఉన్న తేడా చెట్టు పేరే. ఇప్పుడా వనభోజనాలు చాలా ఊళ్లలో కులసంఘాల వార్షికోత్సవాలయ్యాయి, వనం పోయి ఫంక్షన్ హాలు వచ్చింది, వంట కేటరింగ్‌ది. మ్యూనిక్ నుంచి తిరిగొచ్చిన జంట కొనుక్కునేది కూడా గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాటే. బ్రోచర్లో నడకదారి, ఈతకొలను, చెట్ల నీడన బెంచీలు. మ్యూనిక్‌లో నెలకు 63 యూరోల టికెట్‌తో, రెండు గ్లాసుల యాపిల్ రసంతో దొరికినవాటికి ఇక్కడ కోట్లలో ధర, పైగా నెలనెలా మెయింటెనెన్సు. గేటు బయట ఉన్నవాడికి అందులో వాటా లేదు.

డబ్బు లేక, స్థలం లేక ఇక్కడ సాధ్యం కాదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదని హైదరాబాద్ ఒకసారి చూపించింది. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపేసి సండే ఫండే పేరుతో రోడ్డు జనానికి వదిలారు. కొత్తగా కట్టిందేమీ లేదు, రెండువైపులా బారికేడ్లు పెట్టారంతే. రోడ్డు మధ్యలో బెలూన్లు, పిల్లల సైకిళ్లు, పోలీస్ బ్యాండ్, చెరువు మీద గాలి. పాతబస్తీ నుంచీ వచ్చారు, కూకట్‌పల్లి నుంచీ వచ్చారు, ఇసుక వేస్తే రాలనంత జనం. అది నడిచింది అధికారుల ఉత్తర్వు మీద. కోవిడ్ కేసులు పెరిగితే ఆపారు, తర్వాత మళ్లీ పెట్టారు. ఏ ఆదివారం ఉంటుందో ఏ ఆదివారం ఉండదో ముందురోజు ప్రకటన చూస్తేగానీ తెలిసేది కాదు. ఎందుకు ఆపారని అడగాలనుకున్నవాడు చూపించడానికి చట్టంలో ఒక్క వాక్యం కూడా లేదు.